పాఠం చెప్పడం నాకెవరూ నేర్పలేదు: వ్యవసాయ కాలేజీలో నా మొదటి రెండేళ్లు

పీహెచ్‌డీ పట్టా చేతికొచ్చిన ఏడాదికే అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగం వచ్చింది. రాయలసీమలో ఒక వ్యవసాయ కాలేజీలో సోమవారం చేరాను, బుధవారం ఉదయం తొమ్మిదింటికి క్లాసు. మధ్యలో ఉన్న ఒక్క రోజులో నాకు అందినవి రెండు కోర్సుల పేర్లు, నాకంటే ముందు చెప్పిన మేడం వదిలి వెళ్లిన ఒక నోట్సు ఫైలు. ఒకటి వర్షాధార వ్యవసాయం, వాటర్‌షెడ్ యాజమాన్యం (అంటే ఒక వాలులో పడిన వాన నీటిని, మట్టిని కాపాడుకోవడం), వన్ ప్లస్ వన్. రెండోది పర్యావరణ అధ్యయనం, విపత్తు నిర్వహణ, టూ ప్లస్ వన్. వ్యవసాయ కాలేజీల్లో చదివినవాళ్లకు ఈ లెక్క తెలుసు, ముందున్న అంకె థియరీ, వెనకున్నది ప్రాక్టికల్. రెండోదాన్ని ఎవరూ కావాలని అడిగి తీసుకోరు, కొత్తగా చేరినవాళ్ల మీద పడుతుంది. నా మీద పడింది.

నేను తెనాలి దగ్గర పుట్టి పెరిగాను. కాలవ కింద వరి, తర్వాత మినుములు, అంతే మా ఇంటికి తెలిసిన వ్యవసాయం. నా పీహెచ్‌డీ కూడా వరికి వేసే నత్రజని మీదే. అలాంటి నేను, వాన కోసం ఆకాశం చూసే నేల మీద, ఆ నేల పిల్లలకే, వర్షాధార వ్యవసాయం చెప్పాలి.

ఒకటో తరగతి పిల్లాడితో అక్షరాలు దిద్దించాలంటే డీఈడీ చదవాలి, హైస్కూల్లో చెప్పాలంటే బీఈడీ చదవాలి, ఆ పైన టెట్ రాయాలి. యూనివర్సిటీలో చెప్పడానికి మాత్రం నెట్, పీహెచ్‌డీ, అచ్చయిన పేపర్లు చూస్తారు, చెప్పడం వచ్చా అని ఎవరూ అడగరు. నన్నూ అడగలేదు. ఇంటర్వ్యూలో అరగంట నా రీసెర్చి గురించే మాట్లాడాం.

మొదటి సెమిస్టరు నేను ఏం చేశానో దాచకుండా చెప్తాను. ఆ ఫైలులో ఉన్నదంతా స్లైడ్లలోకి ఎక్కించాను, క్లాసులో నిలబడి చదివాను. అరవై మంది రాసుకున్నారు. మిడ్ టర్మ్‌లో నేల కోత రకాలు రాయమంటే దాదాపు అందరూ రాశారు, మార్కులు బాగా వచ్చాయి, నేను బాగానే చెప్తున్నాననుకున్నాను. ఆ తర్వాతి వారం ప్రాక్టికల్‌కి కాలేజీ ఫారంలోకి తీసుకెళ్లాను. ముందు రోజు రాత్రి గట్టి వాన పడింది. నేను వాలుకు అడ్డంగా వేసే కాంటూరు గట్టు కొలతలు చెబుతుంటే ఫారంలో పనిచేసే ఒకావిడ దగ్గరికొచ్చి, "మేడం, ఇక్కడ మన్నంతా కొట్టుకుపోయింది చూడండి" అంది. నిజంగానే వాలు పొడుగునా సన్నటి పాయలు, వేలు పట్టేంత లోతున, మట్టిని కోసుకుంటూ కిందికి దిగిపోయాయి. వెనక్కి తిరిగి పిల్లల్ని "ఇదేంటి?" అని అడిగాను. ఒక్కరు కూడా చెప్పలేదు. వారం కిందట రిల్ ఎరోజన్ నిర్వచనానికి పూర్తి మార్కులు తెచ్చుకున్నవాళ్లే వాళ్లంతా, ఆ రిల్ పక్కనే నిలబడి ఉన్నారు. అంతకంటే నన్ను బాధపెట్టిన సంగతి ఇంకొకటి ఉంది. ఆవిడ చెప్పకపోతే నేను కూడా దాన్ని దాటుకుని వెళ్లిపోయేదాన్ని.

ఆ సెమిస్టరు చివర్లోనే సర్క్యులర్ వచ్చింది. కొత్తగా చేరిన బోధన సిబ్బందికి మూడు వారాల శిక్షణ. శాస్త్రవేత్తలుగా ఏఆర్ఎస్ అనే వ్యవసాయ పరిశోధన సర్వీసుకు ఎంపికైనవాళ్లకు హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని నార్మ్ అనే జాతీయ వ్యవసాయ పరిశోధన యాజమాన్య అకాడమీలో ఫౌండేషన్ కోర్సు ఉంటుందని తెలుసు, 1976లో పెట్టిన సంస్థ అది, నా క్లాస్‌మేట్ ఒకతను అక్కడ శిక్షణ పొంది వచ్చి చాలా చెప్పేవాడు. మాలాంటి రాష్ట్ర యూనివర్సిటీ వాళ్లకు కూడా ఇలాంటిదొకటి వస్తుందని నేను అనుకోలేదు. నిజం చెప్పాలంటే వెళ్లాలని కూడా లేదు. దిద్దాల్సిన పేపర్ల కట్టలు టేబుల్ మీద ఉన్నాయి, ఇంట్లో రెండేళ్ల బాబు. అమ్మ తెనాలి నుంచి వచ్చి బాబును చూసుకుంటానంది కాబట్టి వెళ్లగలిగాను. కొత్తగా చేరిన ఆడవాళ్లలో చాలామందికి ఈ ఒక్క కారణంతోనే ఇలాంటి శిక్షణలు తప్పిపోతాయి. సర్క్యులర్లు వేసేవాళ్లు పిల్లల సంగతి కూడా ఆలోచించాలి.

మేము ఇరవై ఎనిమిది మందిమి. అగ్రికల్చర్, హార్టికల్చర్, వెటర్నరీ, ఫిషరీస్, హోమ్ సైన్స్, అన్ని రకాలవాళ్లూ ఉన్నారు. మొదటి రెండు రోజులూ సర్వీసు రూల్సు, సెలవులు, కొనుగోళ్ల పద్ధతులు. వాటి గురించి రాయడానికేం లేదు. మూడో రోజు మైక్రో టీచింగ్ మొదలైంది.

మైక్రో టీచింగ్ అంటే క్లాసును చిన్నది చేయడం. ఏడు నిమిషాలు, ఒకే ఒక్క విషయం, ఎదురుగా తోటి టీచర్లే పిల్లలు. వీడియో తీస్తారు. అయిపోయాక అందరూ కూర్చుని చూస్తారు, లోపాలు చెప్తారు, మళ్లీ అదే పాఠం ఇంకోసారి చెప్పాలి. 1960ల్లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మొదలైన పద్ధతి, బీఈడీ చదివినవాళ్లకు పాతదే. మాకు మాత్రం కొత్త. నేను నేల కోతే తీసుకున్నాను, ఫారంలో జరిగింది మనసులో ఇంకా గుచ్చుకుంటోంది కాబట్టి. బోర్డు మీద యూనివర్సల్ సాయిల్ లాస్ ఈక్వేషన్ రాశాను, ఎంత మట్టి కొట్టుకుపోతుందో అంచనా వేసే సూత్రం అది. ఏ ఈక్వల్ టు ఆర్, కే, ఎల్, ఎస్, సీ, పీ. ఒక్కో అక్షరం ఏమిటో వరసగా వివరించాను. టైము సరిగ్గా సరిపోయింది, ఎక్కడా తడబడలేదు.

వీడియో చూసినప్పుడు తెలిసింది, ఆ ఏడు నిమిషాల్లో ఆరున్నర నిమిషాలు నేను బోర్డు వైపే తిరిగి ఉన్నాను. అడిగిన ప్రశ్నలు రెండు. మొదటిది "అర్థమైందా?" రెండోది "ఓకేనా?" వెటర్నరీ నుంచి వచ్చిన ఒక సార్ చాలా మెల్లగా ఒక మాట అన్నారు. "మేడం, నేల కోత గురించి చెప్పారు గానీ నేల ఎక్కడా కనబడలేదు." ఆ రాత్రి హాస్టల్ గదిలో నిద్ర పట్టలేదు. ఫారంలో పిల్లలు ఎందుకు మాట్లాడలేకపోయారో అప్పుడు తెలిసింది. వాళ్లకు నేను నేలను ఎప్పుడూ చూపించలేదు. అక్షరాలు చూపించాను, వాళ్లు అక్షరాలే తిరిగి ఇచ్చారు.

రెండోసారి చెప్పేటప్పుడు మెస్సులో అడిగి రెండు ట్రేలు తెచ్చుకున్నాను. రెండింట్లో ఒకే మట్టి, ఒకే వాలు. ఒకదాని మీద ఎండుగడ్డి పరిచాను, ఇంకోటి ఖాళీగా వదిలేశాను. వాటర్ బాటిల్ మూతకు చిల్లులు పెట్టి రెండింటి మీదా ఒకే ఎత్తు నుంచి నీళ్లు పోశాను, కింద రెండు గాజు గ్లాసులు పెట్టాను. ఖాళీ ట్రే కింద గ్లాసులో టీ రంగు నీళ్లు, గడ్డి ఉన్నదాని కింద దాదాపు తేట నీళ్లు. ఏమీ చెప్పకుండా రెండు గ్లాసులూ పైకెత్తి "తేడా ఎందుకొచ్చింది?" అని అడిగి ఆగాను. అందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు. చినుకు దెబ్బ, వాలు, గడ్డి, మట్టి రకం, అన్నీ వాళ్ల నోటి నుంచే వచ్చాయి. ఈక్వేషన్‌లో ఉన్న అక్షరాలు అవే కదా, వాళ్లు చెప్పిన ఒక్కో మాట పక్కన ఒక్కో అక్షరం రాసుకుంటూ పోయాను. అప్పుడు కూడా ఏడు నిమిషాలే పట్టింది.

ఆ ఆగడం గురించి కొంచెం చెప్పాలి. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో సైన్సు క్లాసులను గమనించి చెప్పిన విషయం అది. టీచరు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను కూడా సరిగ్గా ఆగకుండా ఇంకొకరిని అడుగుతారట, లేదా జవాబు తామే చెప్పేస్తారట. మూడు సెకన్లు ఆగగలిగితే జవాబుల పొడవు పెరుగుతుంది, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడతారు. వినడానికి సులువే. చేసి చూడండి, క్లాసు ముందు మూడు సెకన్ల మౌనం ఎంత పొడుగ్గా ఉంటుందో. నేను ఇప్పటికీ చీర కొంగు చాటున వేళ్లు మడుస్తూ లెక్కపెడతాను.

రెండో వారంలో మా మా ప్రశ్నపత్రాలు తెచ్చి ముందు పెట్టుకోమన్నారు. ఒక్కో ప్రశ్న గుర్తుపెట్టుకోవడానికా, అర్థం చేసుకోవడానికా, వాడి చూడటానికా, విడమరిచి చూడటానికా అని బ్లూమ్ అనే విద్యావేత్త చెప్పిన మెట్ల ప్రకారం రంగు పెన్సిళ్లతో గుర్తుపెట్టాలి. నా మిడ్ టర్మ్ పేపరంతా ఒకే రంగు. నిర్వచించండి, పేర్కొనండి, రకాలు రాయండి. గుర్తు తప్ప ఇంకేం అడగనప్పుడు పిల్లలు ఇంకేం నేర్చుకుంటారు? అదే రోజు పర్యావరణం కోర్సు అసలు ఎందుకు పెట్టారో తెలుసా అని అడిగితే ఆ కోర్సు చెప్తున్న మా నలుగురిలో ఎవరికీ తెలియదు. ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లో పర్యావరణాన్ని చదువులో తప్పనిసరి చేయాలని చెప్పింది. డిగ్రీ పిల్లలందరికీ ఉమ్మడి కోర్సుగా రావడానికి ఇంకో పన్నెండేళ్లు దాటింది. ఒక మనిషి కోర్టుకెళ్లి సాధించుకొచ్చిన కోర్సును నేను చదివి వినిపించి సరిపెట్టానని అప్పుడు చాలా సిగ్గేసింది.

నన్ను బాగా కదిలించింది మాత్రం పొలంబడి గురించి జరిగిన సెషన్. విస్తరణ విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైన ఒక సార్ వచ్చారు. ఈ పద్ధతి 1989లో ఇండోనేషియాలో మొదలైంది, అక్కడ వరిలో సుడిదోమ మందులకు లొంగకుండా పోయినప్పుడు. రైతుల్ని కూర్చోబెట్టి ఉపన్యాసం చెప్పడం కాదు, వారం వారం వాళ్లే మడిలోకి దిగి మొక్కను, పురుగును, నీటిని చూసి, చూసింది చార్టు మీద బొమ్మ గీసి, ఏం చేయాలో వాళ్లే మాట్లాడుకుని తేల్చుకుంటారు. పొలంబడి నడిపే మనిషికి ఒక నియమం ఉందన్నారు సార్. రైతు పురుగును పట్టుకొచ్చి "ఇదేంటి సార్?" అంటే పేరు చెప్పకూడదు. "ఎక్కడ దొరికింది? ఏం చేస్తూ కనిపించింది? ఒక్కటే ఉందా, చాలా ఉన్నాయా?" అని అడగాలి. పేరు చెప్పేస్తే ఆ చూపు అక్కడితో ఆగిపోతుంది. నేను చేయి ఎత్తి "మరి పేరు ఎప్పుడు చెప్పాలి సార్?" అన్నాను. "వాళ్లు చూడటం అయ్యాక చెప్పమ్మా. అప్పుడు ఆ పేరు ఉట్టి మాటగా మిగిలిపోదు" అన్నారు. నోట్సులో ఆ మాట కింద రెండు గీతలు గీశాను.

మూడో వారం ఊళ్లో. అనంతపురం వైపు ఒక చిన్న ఊరు. ఐదు రోజులు స్కూలు గదిలో పడుకున్నాం, ఊళ్లోనే తిన్నాం, ఉదయం నుంచి రాత్రి దాకా రైతులతోనే. మేము టీచర్లుగా వెళ్లలేదు, పల్లె పరిశీలన పద్ధతులు నేర్చుకోవడానికి వెళ్లాం. పీఆర్ఏ అంటారు. బీఎస్సీలో ఇది నేను కూడా చదివాను, పది రకాల పటాల పేర్లు నాకు నోటికి వచ్చు. ఒక్కటి కూడా గీయించలేదు.

మొదటి తప్పు మొదటి ఉదయమే చేశాను. కాలాల పట్టిక కోసం జనవరి నుంచి డిసెంబరు దాకా గళ్లు గీసుకుని వెళ్లి, వానలు ఏ నెలలో ఎక్కువ అని ఒక తాతను అడిగాను. ఆయన నా కాగితం వైపు చాలాసేపు చూసి "నెలలు కాదు పాపా, కార్తెలు పెట్టు" అన్నారు. కాగితం పక్కన పెట్టి నేల మీద ముగ్గుపిండితో గీతలు గీశాం, మృగశిర, ఆరుద్ర, పునర్వసు, పుష్యమి... గళ్లు మారేసరికి చుట్టూ పదిమంది చేరారు. ఏ కార్తెలో దుక్కి పదును వస్తుంది, ఏ కార్తె దాటితే శెనక్కాయ వేయడం దండగ, ఊడలు దిగేటప్పుడు ఎన్ని రోజులు ఎండితే పంట పోతుంది, అన్నీ చెప్తున్నారు, ఒకళ్ల మాట ఒకళ్లు సరిదిద్దుతున్నారు. వర్షపాతం తగ్గిందని అనుకుంటున్నారా అని నా ప్రశ్నల కాగితంలో ఉంది. అడిగాను. "పడేది పడ్తానే ఉంది పాపా. కావాల్సినప్పుడు పడదు. కాయ ఊరేటప్పుడు ఎండగొడుతుంది, పీకి కుప్పేసినాక తడుపుతుంది." పంట దశలకూ వానల మధ్య వచ్చే బెట్టకూ ఉన్న సంబంధం మీద నేను గంటసేపు చెప్పిన లెక్చరు ఆయన రెండు వాక్యాల్లో చెప్పేశారు.

మరుసటి రోజు మగవాళ్లు ఒకచోట, ఆడవాళ్లు ఒకచోట ఊరి వనరుల పటం గీశారు. మగవాళ్ల పటంలో పొలాలు, రోడ్లు, బోర్లు, గుడి. ఆడవాళ్ల పటంలో పశువులు నీళ్లు తాగే గుంత, కట్టెలు దొరికే గుట్ట, చింతచెట్లు, వేసవిలో ట్యాంకరు వచ్చి ఆగే చోటు. ఇద్దరూ ఒకే ఊరివాళ్లు, గీసిన ఊళ్లు మాత్రం రెండు. ఒకావిడ లోపలికెళ్లి దోసిలి నిండా చింతగింజలు తెచ్చింది. నీళ్లున్న బోరు దగ్గర గింజ, ఎండిన బోరు దగ్గర చిన్న రాయి పెట్టుకుంటూ వెళ్లింది. గింజల కంటే రాళ్లు చాలా ఎక్కువ. ఆ రాళ్లలో రెండు వాళ్ల చేనివే. "రెండించుల నీళ్లు పడుంటే మా పిల్లోడు బెంగళూరు పోయేవాడు కాదు" అంది పెడుతూ పెడుతూనే. పర్యావరణ యాజమాన్యం అనే మాట పుస్తకంలో ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు, అందులో ఆ పిల్లోడు నాకెప్పుడూ కనిపించలేదు.

చివరి రోజు ఆ ప్రాంతంలోనే 2000 దశకంలో జరిగిన ఒక పని గురించి చెప్పారు. ఏపీ ఫామ్స్ అని పిలిచే రైతుల భూగర్భ జల యాజమాన్య ప్రాజెక్టు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ సహకారంతో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ, ఈ ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. రైతులే వానమాపకంలో వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు, ఊళ్లో గోడల మీద రాసుకున్నారు. రబీకి ముందు అందరూ కూర్చుని భూమిలో ఎన్ని నీళ్లున్నాయి, అనుకున్న పంటలకు ఎన్ని కావాలి అని లెక్క కట్టారు. నువ్వు వరి వేయొద్దు అని ఎవరూ ఎవరికీ చెప్పలేదు, లెక్క ముందు పెట్టారంతే. బడికి సరిగ్గా వెళ్లనివాళ్లు కూడా ఆ లెక్క చేశారంటే, వ్యవసాయ డిగ్రీ చదివే నా పిల్లలు ఎందుకు చేయలేరు? తిరుగు ప్రయాణంలో బస్సులో ఇదే ఆలోచన. అక్కడే నోట్సు వెనక అట్ట మీద నా వాటర్‌షెడ్ కోర్సు ప్రాక్టికల్స్ మొత్తం కొట్టేసి మళ్లీ రాసుకున్నాను.

కొత్త సెమిస్టరు మొదట్లోనే కాలేజీ గేటు పక్కన ఖాళీ స్థలంలో వానమాపకం పెట్టించాం. రోజూ ఉదయం 8:30కి రీడింగు తీయాలి, వాతావరణ శాఖ టైము అదే. పిల్లలు వంతులు వేసుకున్నారు. గేటు దగ్గరుండే వాచ్‌మన్ అన్న మొదటి రోజు నుంచీ వచ్చి పక్కనే నిలబడి చూసేవాడు, కొలజాడీ ఎలా చదవాలో మూడో రోజుకే నేర్చుకున్నాడు. 2.5 మిల్లీమీటర్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితేనే దాన్ని వాన రోజు అంటారని పిల్లలకు ముందు చెప్పలేదు. నెల రోజుల రీడింగులు గోడ మీద ఉన్నాక, ఇందులో నిజంగా వాన పడిన రోజులు ఎన్నంటారు అని అడిగాను. 0.4 పడిన రోజును లెక్కలోకి తీసుకోవాలా వద్దా అని వాళ్లే గొడవపడ్డారు. గొడవ అయ్యాకే ఆ అంకె చెప్పాను.

తర్వాత నీటి లెక్క. ఎకరంలో ఒక్క మిల్లీమీటరు వాన పడితే 4,047 లీటర్లు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు అనుకుంటే ఎకరానికి సుమారు 22 లక్షల లీటర్లు. ఇంత నీరా అని క్లాసంతా ఆశ్చర్యపోయింది. అందులో ఆవిరయ్యేదెంత, పంట తాగేదెంత, వంకలో పారిపోయేదెంత అని ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చాం. అడుగున గట్టి రాయి ఉన్న ఇలాంటి చోట భూమి లోపలికి చేరేది పదో వంతు అటూ ఇటూ, అంటే 2.2 లక్షల లీటర్లు. ఇక బోరు కింద ఎకరం వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు లెక్కేస్తే 48 లక్షల లీటర్లు దాటుతుంది. శెనక్కాయకైతే 500 మిల్లీమీటర్ల దగ్గర సరిపోతుంది. భాగించమన్నాను. ఒక ఎకరం వరికి దాదాపు 22 ఎకరాల మీద ఇంకిన నీరు కావాలి. మడిలోంచి కొంత నీరు మళ్లీ కిందికి ఇంకుతుంది కాబట్టి అది కలిపితే ఈ అంకె తగ్గుతుంది, ఆ సంగతి కూడా చెప్పాను. అయినా క్లాసు చాలాసేపు నిశ్శబ్దంగా ఉండిపోయింది. ఈసారి నేను వేళ్లు మడవాల్సిన అవసరం రాలేదు. అప్పటిదాకా క్లాసులో నోరు తెరవని ఒక అబ్బాయి, తెలుగు మీడియంలో చదివి వచ్చినవాడు, లేచి తెలుగులోనే అడిగాడు. "మేడం, మా నాయన రెండెకరాలు వరి పెడతాడు. మాకుండేది మొత్తం ఐదెకరాలు. మిగతా నీళ్లు ఎవరివి మేడం?"

దానికి నేను జవాబు చెప్పలేదు, క్లాసుకే వదిలేశాను. పక్క రైతు బోరు, ఎండిన పాత బావి, నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టంలో బోర్ల మధ్య దూరం, ఉచిత కరెంటు, అమ్మకానికి దొరికే గిట్టుబాటు ధర, ఇంట్లో తినడానికి బియ్యం కావాలనే మాట, అన్నీ వచ్చాయి. చాలామటుకు తెలుగులోనే. ఇంగ్లీషులో మాత్రమే మాట్లాడాలని నేను పెట్టిన నియమం ఎంతమంది నోళ్లు మూసిందో ఆ రోజు చూశాను. ఇప్పుడు ఆలోచన ఏ భాషలో వస్తే ఆ భాషలోనే చెప్పమంటున్నాను, తర్వాత దాన్ని పరీక్ష భాషలోకి అందరం కలిసి మారుస్తాం. దీనికి టైము పడుతుంది, ఒప్పుకుంటాను.

టైము పట్టడమే అసలు చిక్కు. ఏ లెక్చరులో ఏం చెప్పాలో ఔట్‌లైన్ ముందే ఉంటుంది. సెమిస్టరు సగానికి నేను మూడు లెక్చర్లు వెనకబడ్డాను. నాకంటే సీనియర్ ఒకరు పిలిచి, ట్రేలతో నీళ్లు పోసుకుంటూ కూర్చుంటే సిలబస్ ఎవరు పూర్తిచేస్తారని అడిగారు. ఆయన అన్నదాంట్లో నిజం లేకపోలేదు. ఫైనల్ పేపరు నా చేతిలో ఉండదు, అది మళ్లీ నిర్వచించండి, పేర్కొనండి అనే అడుగుతుంది. పిల్లల మార్కులతో ప్రయోగాలు చేసే హక్కు నాకుందా అని చాలా టెన్షన్ పడ్డాను. చివరికి చేసిందేమిటంటే, నిర్వచనాలన్నీ ముందే అచ్చు తీసి ఇచ్చేశాను, ఇంటి దగ్గర చదువుకొమ్మన్నాను, క్లాసులో వాటిని చదివి వినిపించడం ఆపేశాను. రెండు శనివారాలు అదనపు క్లాసులు పెట్టాను. ఫైనల్‌లో మార్కులు అంతకుముందు బ్యాచ్ లాగే వచ్చాయి, పెరగలేదు, తగ్గలేదు. శిక్షణ వల్ల మార్కులు పెరిగాయని రాయగలిగితే బాగుండేది గానీ అలా జరగలేదు.

మారింది ప్రాక్టికల్ నోట్‌బుక్. ఇదివరకు అరవై పుస్తకాలూ ఒకదానికి ఒకటి నకళ్లు. ఇప్పుడు ఒక్కొక్కళ్లు తమ ఊరిది, తమ చేనిది నీటి లెక్క రాయాలి. కాపీ కొట్టడానికి వీల్లేదు, ఎందుకంటే ఎవరి బోరు లోతు వాళ్లది. సంక్రాంతికి ఊరెళ్లి వాళ్ల తాతల్ని అడిగి పాత బావుల లోతులు రాసుకొచ్చిన పిల్లలున్నారు. ఆడపిల్లల్లో కొందరు అమ్మల చేత పటం గీయించి తెచ్చారు. ఇన్ని దిద్దడం కష్టం, ఒక్కో పుస్తకానికి ఇరవై నిమిషాలు పడుతుంది. దిద్దుతూ నేను ఈ ప్రాంతం గురించి నేర్చుకున్నంత ఇంకెక్కడా నేర్చుకోలేదు.

ఒక విషయం మీద మాత్రం నాకు గట్టి అభిప్రాయం ఏర్పడింది. మన పిల్లలు ఊళ్లో ఉండి నేర్చుకునేది నాలుగో ఏడాదిలో, రావెప్ అనే గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో. 2015 నుంచి స్టూడెంట్ రెడీ అనే పేరు కింద దేశమంతా ఉంది. చాలా మంచి కార్యక్రమం, అందులో నాకు సందేహం లేదు. కానీ మూడేళ్లు నాలుగ్గోడల మధ్య చదివి ఆఖర్న ఊరు చూడటం ఆలస్యం. మొదటి ఏడాదిలోనే కనీసం వారం రోజులు పంపాలి. అలాగే కొత్త టీచర్లను క్లాసులోకి పంపకముందే ఈ మూడు వారాల శిక్షణ ఇవ్వాలి, తర్వాత కాదు. నా మొదటి బ్యాచ్‌లో అరవై మంది ఉన్నారు. వాళ్లకు నేను బాకీ పడ్డాను. అందులో కొందరు ఇప్పుడు రావెప్‌లో ఉన్నారు, ఆదివారాలు వాళ్ల ఊళ్లకు వెళ్తున్నాను, ముగ్గుపిండి ప్యాకెట్లు పట్టుకుని.

గేటు పక్కన వానమాపకం ఇంకా నడుస్తోంది. మొన్న ఏడాది రీడింగులన్నీ ఒక చార్టు మీదికి ఎక్కిస్తుంటే అక్టోబరులో చేతిరాత మారినట్టు కనిపించింది. దసరాకు పిల్లలందరూ ఇళ్లకు వెళ్లారు, నేనూ తెనాలి వెళ్లాను, ఆ రోజుల్లో ఖాళీలు ఉంటాయనుకున్నాను. తొమ్మిది రోజులకూ అంకెలున్నాయి. అన్నను అడిగితే, "మీరే కదా మేడం రోజూ రాయాలన్నారు" అన్నాడు. వాన పడని రోజుల్లో కూడా 8:30కి వెళ్లి చూసి, సున్నా అని రాశాడు.